బతికినోళ్ల పేర్లెక్కడ?

మా ఇంట్లో ఆదివారానికి పోటీ ఎక్కువ. మా వారికి పొలం చూసి రావాలి. చిన్నోడికి క్రికెట్. మా పెద్దదానికి తొమ్మిదో తరగతి ట్యూషన్. నాకు వారం రోజుల బట్టలు. అందుకే ఎప్పుడైనా నలుగురికీ ఒకే ఆదివారం ఖాళీ దొరికితే ఎక్కడికి పోవాలన్న దాని మీద ఓట్లు వేసుకుంటాం. పోయిన సెప్టెంబర్‌లో అలాంటి ఆదివారం ఒకటి దొరికింది. పిల్లలిద్దరూ లక్నవరం అన్నారు, ఉయ్యాల వంతెన మీద నడుస్తారట. మా వారు పాలకుర్తి గుట్టెక్కి సోమన్న దర్శనం చేసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేద్దామన్నారు. ఆయన ఓటు ఎప్పుడూ మధ్యాహ్నానికి ఇంటికొచ్చేదానికే పడుతుంది. నేను బైరాన్‌పల్లి అన్నాను.

"అక్కడేముంది?" అన్నాడు చిన్నోడు.

"బురుజు ఉంది."

"ఎక్కితే బోటింగ్ ఉంటదా?"

ఉండదని చెప్పేసరికి నా ఓటు ఒంటరిదైపోయింది. నాకు ఆ ఊరు ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలి. అంతకు రెండ్రోజుల ముందు మా పెద్దది సోషల్ నోట్స్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, 1948 ఆగస్టు 27, బైరాన్‌పల్లి. ఇది వన్ మార్కా, టూ మార్క్సా?" అనడిగింది. నేను పోపు వేస్తూ "అన్నీ చదువుకో" అనేశాను. తర్వాత చాలాసేపు ఆ మాట నన్ను వదల్లేదు. మన తొర్రూరు నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్ల వేళ దాటేలోపు చేరే ఊరది. అక్కడ ఒకే రోజు దాదాపు వందమందిని చంపారు. నా బిడ్డకి అది ఒక మార్కో రెండు మార్కులో. తప్పు దానిదని అనలేను. దానికి ఇంట్లో ఎవరు చెప్పారు గనక?

ఓటింగులో ఓడిపోయానని నేననుకుంటుండగా మంచం మీద నుంచి అత్తమ్మ లేచి కూర్చుని, "బైరాన్‌పల్లి అయితే నేను గూడ వస్త" అంది. మోకాళ్ల నొప్పులతో గుడికి కూడా రానంటుంది ఆవిడ. ఇంక ఎవరూ మారు మాట్లాడలేదు.

మక్క గారెలూ, పులిహోరా, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం. వానలు బాగా పడ్డ ఏడాది. రోడ్డుకి రెండువైపులా వరి పచ్చగా ఉంది. గట్ల మీద గునుగు తెల్లగా తలెత్తింది, తంగేడు అప్పుడే పూతకొస్తోంది. బతుకమ్మకి ఇంకా పది, పన్నెండు రోజులుంది. మా పెద్దది కిటికీలోంచి చూస్తూ ఎక్కడ ఎక్కువ పూలున్నాయో లెక్కపెట్టుకుంటోంది. ప్రతి ఏడూ వీధిలో అందరికన్నా ఎత్తైన బతుకమ్మ మాదే ఉండాలని దాని పట్టుదల.

పాలకుర్తిలో ఐలమ్మ విగ్రహం దగ్గర ఆగాం. మా మండలాల వాళ్లకి ఐలమ్మ ఎక్కడో పుస్తకాల్లోని మనిషి కాదు. ఆమె పుట్టింది రాయపర్తి మండలం కృష్ణాపురం, మాకు పక్కనే. పాలకుర్తికి కోడలుగా వచ్చింది. కౌలుకు తీసుకుని పండించిన పంట మీద విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కన్నేస్తే, సంఘం వాళ్లని వెంటబెట్టుకుని పంట కోయించి వడ్లు ఇంటికి చేర్చుకుంది. ఆ పగకి ఆమె ఇల్లు తగలబెట్టారు. ఇప్పుడు హైదరాబాద్ కోఠిలో ఆడపిల్లల యూనివర్సిటీకి ఆమె పేరే పెట్టారని చెబితే, "ఆమె చదువుకుందా?" అనడిగాడు చిన్నోడు. లేదని చెప్పాను. "మరి యూనివర్సిటీకి ఎట్ల పెట్టిండ్రు?" అన్నాడు. వాడి బాపమ్మ అందుకుంది. "నీకు చదువు ఎందుకు అబ్బుతలేదో గామెనడుగు, చెప్తది" అని.

దేవరుప్పుల మీదుగా జనగామ, అక్కడి నుంచి చేర్యాల వైపు తిరిగి ధూల్మిట్ట దిక్కుకి వెళ్లాం. బైరాన్‌పల్లి ఒకప్పుడు మా వరంగల్ జిల్లాలోదే. ఇప్పుడు సిద్దిపేట జిల్లా ధూల్మిట్ట మండలంలోకి పోయింది. పేరు ముందు 'వీర' చేర్చి వీర బైరాన్‌పల్లి అంటారు.

చూడ్డానికి మన ఊళ్లలాంటి ఊరే. వాకిళ్లలో ఆరబోసిన బట్టలు, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లు, ట్రాక్టర్లు. వీటన్నిటి మధ్య గుండ్రంగా, ఇళ్ల కంటే ఎత్తుగా బురుజు. మాది చదునైన నేల, ఇక్కడ గుట్టలు తక్కువ. గుట్ట లేని ఊరికి బురుజే గుట్ట. దాని మీద ఒక మనిషి కాపలా ఉంటే ఏ దిక్కు నుంచి ఎవరొస్తున్నా దూరాన ఉండగానే కనిపిస్తారు. 1948లో బైరాన్‌పల్లి వాళ్లు చేసింది అదే. ఊళ్లో యువకులంతా రక్షణ దళం కట్టారు. బురుజు మీద కాపలా పెట్టారు. రజాకార్లు వస్తున్నారంటే పైనుంచి నగారా మోగేది. ఊరంతా వడిసెలలూ, కర్రలూ, నాటు తుపాకులూ పట్టుకుని బయటికొచ్చేది. అలా ముందు వచ్చిన మూకలను తిప్పికొట్టారు. చుట్టుపక్కల ఊళ్లని దోచుకుపోతున్న వాళ్లకి ఒక పల్లెటూరు ఎదురుతిరగడం మింగుడుపడలేదు.

ఆగస్టు 27న తెల్లవారకముందే మళ్లీ వచ్చారు. ఈసారి రజాకార్లతో పాటు నిజాం సైన్యం, ఫిరంగులు కూడా వచ్చాయి. వడిసెల రాయికి ఫిరంగి గుండు జవాబైంది. బురుజు మీదున్న మందుగుండు అంటుకుని పేలిపోయింది. పైన కాపలా ఉన్నవాళ్లు అక్కడే ప్రాణాలు విడిచారు. తర్వాత ఊళ్లో పడ్డారు. దొరికిన మగవాళ్లని బయటికి ఈడ్చుకొచ్చి, వరసలు కట్టించి కాల్చారు. ఆ రోజు చనిపోయినవాళ్లు 96 మంది అని అక్కడ చెప్పుకుంటారు. అది జరిగిన 21 రోజులకి, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఇంకొక్క మూడు వారాలు ఆ ఊరిని అలా వదిలేసి ఉంటే వాళ్లంతా మనవలనెత్తుకునేవాళ్లు.

ఇదంతా పిల్లలకి నడుస్తూ నడుస్తూ చెప్పాను. చెబుతుండగానే మా చిన్నోడు బురుజుకి ఆనుకుని నిలబడి, రెండు చేతులూ తుపాకీలా పెట్టి, "డాడీ, ఒక ఫోటో" అన్నాడు. వాళ్ల నాన్న తీయబోయారు. నాకు ఒళ్లు మండి "ఇదేమన్నా సినిమా సెట్టింగా?" అని గట్టిగానే అరిచాను. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత ఆలోచిస్తే వాడిది మాత్రం తప్పేముంది అనిపించింది. వీరుడు, తుపాకీ, బురుజు, యుద్ధం. మనం చెప్పే కథలో వాడి చెవికి ఎక్కేవి అవే. మనం చెప్పిన పద్ధతికి తగ్గట్టే వాడు నిలబడ్డాడు.

అమరవీరుల స్తూపం దగ్గర అత్తమ్మని కుర్చీలాంటి ఒక బండ మీద కూర్చోబెట్టాం. మా పెద్దది రాసి ఉన్న పేర్లు ఒక్కొక్కటే పైకి చదివింది. అత్తమ్మ వింటూ కూర్చుంది. కొన్ని ఇంటిపేర్లు రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడల్లా "అయ్యో, ఒక్కింట్లోళ్లే" అంటోంది. చదవడం అయిపోయాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

అప్పుడు అత్తమ్మ అంది. "సచ్చిపోయినోళ్ల పేర్లు రాసిండ్లు, మంచిగనే ఉంది. మరి బతికినోళ్లయి?"

మా వారు నవ్వి, "బతికినోళ్ల పేర్లు స్తూపం మీద ఎందుకు రాస్తరే అమ్మా?" అన్నారు.

"ఎందుకు రాయరు? పొద్దుగూకేసరికి ఇంట్ల మొగోడు లేడు, చంకల పిల్లలున్నరు, తినేతందుకు గింజ లేదు. గండ్ల నుంచి ఊరిని మల్ల నిలబెట్టింది ఎవరు? నువ్వా, నేనా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. నాది కూడా.

ఆ ఊరి గురించి చదివినవాళ్లకి తెలుసు, నేను పిల్లలకి చెప్పనిది ఒకటుంది. ఆ రోజు మగవాళ్లని చంపడంతో ఆగలేదు. ఆడవాళ్లని చెరిచారు. వివస్త్రలని చేసి, ఆ శవాల చుట్టూ బతుకమ్మ ఆడించారు. ఈ విషయం రహస్యమేమీ కాదు. ఏటా ఆగస్టు 27న వచ్చే వార్తల్లో ఉంటుంది, సభల్లో మైకుల్లో చెబుతారు. కానీ పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లకి, ఇంకో పది రోజుల్లో కొత్త లంగా ఓణీ కట్టుకుని బతుకమ్మ ఆడబోయే పిల్లకి, ఎట్లా చెప్పడం? ఇంకొంచెం పెద్దయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

చెప్పాల్సిన పని పడలేదు. తిరుగు ప్రయాణంలో అది వెనక సీట్లో వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని బైరాన్‌పల్లి అని వెతికింది. జనగామ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "అమ్మా, నీకిది ముందే తెలుసా?" అనడిగింది. తెలుసని చెప్పాను. "మరి నాకెందుకు చెప్పలే? తుపాకులు, ఫిరంగులు అన్నీ చెప్పినవ్ కదా."

నా దగ్గర సమాధానం లేదు. నేను దాన్ని కాపాడుతున్నానని అనుకున్నాను. నిజానికి ఆ మాట నా నోటి నుంచి రావడానికి నాకే సిగ్గేసింది. సిగ్గుపడాల్సిన వాళ్లు ఎవరో తెలిసి కూడా నాకు సిగ్గేసింది. ఇదే సిగ్గు ఆ ఊరి ఆడవాళ్లని ఎన్నేళ్లు నోరు మూయించి ఉంటుందో కదా! చచ్చిపోయిన మగవాడి కథ వీరగాథ అయింది. బతికిన ఆడదాని కథ గుసగుస అయింది. మేమిద్దరం తల్లీకూతుళ్లం కారులో ఆ గుసగుసనే ఇంకో తరం ముందుకు లాగబోయాం.

మా అత్తమ్మ వయసు డెబ్బై దాటింది. రజాకార్ల కాలానికి ఇంకా పుట్టలేదు. వాళ్లమ్మకి అప్పటికి కొత్తగా పెళ్లయింది. ఆ రోజు కారులో అత్తమ్మ మొదటిసారి చెప్పింది. జనగామ దిక్కున వాళ్లమ్మగారి ఊళ్లో పొద్దుగూకగానే ఆడవాళ్లంతా పిల్లల్ని తీసుకుని జొన్న చేలల్లోకి వెళ్లి పడుకునేవాళ్లట. పాము కుట్టినా అరవకూడదు. చంటిపిల్ల ఏడిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టేవాళ్లట. తెల్లారాక ఇంటికొచ్చి, మళ్లీ పొయ్యి ముట్టించి, ఏమీ జరగనట్టు గటక వండేవాళ్లట. వాళ్లమ్మ చివరిదాకా రాత్రిపూట తలుపు చప్పుడైతే లేచి కూర్చునేదట.

నాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఈ మాట ఎన్నడూ వినలేదు. "ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేమత్తమ్మా?" అన్నాను. "నన్నెవ్వరడిగిండ్లు?" అంది.

అందుకే అంటున్నాను, మన ఇళ్లలో అడగడం మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆ పని ఎప్పుడో చేశారు. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేశారు. అందులో ఐలమ్మ మాటలు కూడా ఉన్నాయి. ఆమె అంతకు ముందు ఏడాదే, 1985 సెప్టెంబర్ 10న, చనిపోయింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఆ గొంతు మనకి దొరికేది కాదు. దళాల్లో తిరిగిన ఆడవాళ్లకి 1951లో పోరాటం విరమించాక ఇంటికి పొమ్మన్నారు. ఇంటికి పోతే అక్కడ రానిచ్చిన వాళ్లు కొందరు, రానివ్వని వాళ్లు కొందరు. తుపాకీ పట్టిన చేతులు మళ్లీ రోలు దగ్గరికే వచ్చాయి. వంటింట్లో బతికే నాలాంటి దానికి ఆ పుస్తకంలో యుద్ధం కంటే ఆ తర్వాతి సంగతులే ఎక్కువ గుచ్చుకుంటాయి.

ఇక రెండో విషయం. దీన్ని రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

దేవరుప్పుల దగ్గరికి వచ్చాక మా చిన్నోడు అడిగాడు. "అమ్మా, రజాకార్లంటే ముస్లింలే కదా? మరి మన పక్కింటోళ్లు గూడ అట్లనేనా?"

మా పక్కింట్లో వాడి ప్రాణస్నేహితుడు ఉంటాడు. ఇద్దరిదీ ఒకటే బ్యాటు. రంజాన్‌కి వాళ్లింటి షీర్ ఖుర్మా మా ఇంటికి ముందొస్తుంది, దసరాకి మా ఇంటి అప్పాలు వాళ్లింటికి ముందెళ్తాయి. బురుజు దగ్గర నేను చెప్పిన కథ వాడి చిన్న బుర్రలో తిరిగి తిరిగి ఎక్కడికి చేరిందో చూడండి. నేను భయపడిపోయాను. ఇక్కడ నేను తడబడితే వాడు ఆ ప్రశ్నని వేరెవరినో అడుగుతాడు. వాళ్లేం చెబుతారో మనకి తెలుసు. వాట్సాప్‌లో రోజూ వస్తూనే ఉంటుంది.

అదృష్టం కొద్దీ దారిలోనే జవాబు ఉంది. జనగామ, సూర్యాపేట రోడ్డు మీద కామారెడ్డిగూడెంలో బండగీ సమాధి దగ్గర కారు ఆపించాను. షేక్ బండగీ ఒక పేద ముస్లిం రైతు. తన భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌కి ఎదురుతిరిగి కోర్టుకెక్కాడు. కోర్టులో గెలిచాడు. గెలిచినందుకు 1940లో ఆయన్ని దారి కాచి చంపించారు. ఐలమ్మ పంట మీద కన్నేసింది కూడా ఆ విస్నూరు దొరే. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకానికి బండగీ కథే ప్రేరణ. అక్కడ ఏటా ఉర్సు జరుగుతుంది. మతం అడక్కుండా చుట్టుపక్కల జనం వస్తారు.

సమాధి దగ్గర నిలబడి వాడికి చెప్పాను. "నాన్నా, రజాకార్లు ఒక సంస్థ. దానికి ఖాసిం రజ్వీ నాయకుడు. ముస్లింలంతా రజాకార్లు కాదు. బైరాన్‌పల్లికి అయిదారు రోజుల ముందే హైదరాబాద్‌లో షోయబుల్లాఖాన్ అనే ముస్లిం జర్నలిస్టుని నడిరోడ్డు మీద నరికి చంపారు. ఎందుకో తెలుసా? తన ఇమ్రోజ్ పత్రికలో రజాకార్లు చేస్తున్నది తప్పని రాసినందుకు. ఇక చాలా ఊళ్లలో రజాకార్లతో చేతులు కలిపిన దొరల్లో ఎక్కువమంది మన హిందువులే. కొట్టినవాడిదీ, కొట్టించుకున్నవాడిదీ మతం చూస్తే ఈ కథ అర్థం కాదు. ఎవరి చేతిలో భూమి ఉంది, ఎవరి చేతిలో తుపాకీ ఉందని చూడాలి."

వాడికి ఎంత ఎక్కిందో తెలియదు గానీ, మా పెద్దది మాత్రం శ్రద్ధగా విన్నది. ఇంటికొచ్చాక దానికి ఇంకో మాట కూడా చెప్పాను. సెప్టెంబర్ 13న మొదలై 17న ముగిసిన పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలని కూడా వేలల్లో చంపారు. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్య 27,000 నుంచి 40,000 దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. అక్కడ కూడా చంటిపిల్లల తల్లులు చేలల్లో దాక్కునే ఉంటారు. పిల్ల ఏడిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టే ఉంటారు. మా అత్తమ్మ వాళ్లమ్మకీ ఆ తల్లికీ తేడా ఏముంది?

ఇట్లా చెబితే బైరాన్‌పల్లి బాధ తగ్గించినట్టు అవుతుందని కొందరంటారు. నాకలా అనిపించదు. మన ఇంట్లో జరిగిన చావు బాధేమిటో తెలిసినవాళ్లకే పక్కింట్లో చావు బాధ తెలుస్తుంది. తెలియకపోతే మన బాధ మనకే సరిగ్గా తెలియలేదని అర్థం.

మా వారిది ఇంకో వాదన. "చదువుకునే పిల్లలకి ఇవన్నీ ఎందుకు? పాత గాయాలు కెలికి ఏం లాభం?" అంటారు. ఆయన మంచివాడు, పిల్లల మనసు పాడవుతుందేమోనన్న భయం తప్ప ఇంకేమీ లేదు. మా సంఘం మీటింగులో ఈ సంగతి చెబితే ఇద్దరు ముగ్గురు అక్కలు కూడా అదే అన్నారు. నేను ఒప్పుకోను. గాయం కెలకడం వేరు, గాయం ఉందని చెప్పడం వేరు. సెప్టెంబర్ 17 వస్తే చాలు, విలీనమా, విమోచనమా, సమైక్యతా దినమా, ప్రజాపాలన దినోత్సవమా అని పెద్దవాళ్లు టీవీల్లో కొట్టుకుంటారు. ఒకే రోజుకి ఇన్ని పేర్లు పెట్టుకున్నాం. పేరు కోసం జరిగే ఆ గొడవలో బైరాన్‌పల్లి ఏటా ఒక్క రోజు గుర్తొస్తుంది, మళ్లీ మరుపున పడుతుంది. ఆ ఊరివాళ్లు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కోసం ఎన్నేళ్లు తిరగాల్సి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. పిల్లలకి ఇంట్లో చెప్పకపోతే వాళ్లకి మిగిలేది ఆ టీవీ గొడవా, నోట్స్‌లోని ఆ ఒక్క మార్కూ.

కాబట్టి మీ పిల్లల్ని తీసుకుని అలాంటి చోటికి ఒకసారి వెళ్లండి. వెళ్లే ముందు ఇంట్లో ముసలివాళ్లని అడిగి, వాళ్లు వస్తానంటే తప్పకుండా తీసుకెళ్లండి. మా ఇంట్లో ఆ రోజు అసలు పాఠం చెప్పింది అత్తమ్మే. ఆడపిల్లకి చెప్పేది మగపిల్లాడికి కూడా చెప్పండి. వయసుకి తగ్గ మాటల్లోనే చెప్పండి గానీ, అబద్ధం మాత్రం చెప్పకండి. మా చిన్నోడికి "ఆడవాళ్లని చాలా అవమానించారు, అది వాళ్ల తప్పు కాదు, చేసినవాళ్ల తప్పు" అని మాత్రం చెప్పాను. పన్నెండేళ్లవాడికి ప్రస్తుతానికి అది చాలు. ఆ రెండో సగం, అంటే అది వాళ్ల తప్పు కాదన్న సగం, వాడికి జీవితాంతం పనికొస్తుంది.

ఎంగిలిపూల బతుకమ్మ రోజు వచ్చింది. పొద్దున్నే మా వారూ చిన్నోడూ వెళ్లి గోనెసంచి నిండా గునుగూ తంగేడూ తెచ్చారు. మా పెద్దది మాత్రం పూల ముందు ఊరికే కూర్చుని ఉంది. ఈ ఏడు పేర్చనంటుందేమోనని నాకు దిగులేసింది. కదిలించకుండా పక్కనే కూర్చుని కాడలు తుంచుతున్నాను.

కాసేపటికి అదే అడిగింది. "బాపమ్మా, ఆ ఊళ్లె ఆ ఏడు బతుకమ్మ ఆడిండ్రంటవా?"

నేను మనసులో లెక్కేసుకున్నాను. 1948లో పెత్రమాస అక్టోబర్ మొదట్లో వచ్చింది. ఆగస్టు 27కీ దానికీ మధ్య అయిదు వారాలే. దినాలు చేసిన ఇళ్లలో ఇంకా కన్నీళ్లు కూడా ఆరి ఉండవు.

అత్తమ్మ తాంబాళంలో గుమ్మడాకు పరుస్తూ అంది. "ఆ ఏడు ఎవరికి చేతులాడుతయి బిడ్డా? ఆడి ఉండరు. మరుసటేడో, ఆ మీదటి ఏడో, ఎవరో ఒకామె లేసి తంగేడు పూలు తెంపుకొచ్చి ఉంటది. ఆమె ఎవరో ఏమో. ఆమె తెంపకపోతే ఆ ఊళ్లె పిల్లలకు బతుకమ్మ లేకుంటపోవు."

మా పెద్దది ఇంకేమీ అడగలేదు. తంగేడు పూలు దగ్గరికి లాక్కుని మొదటి వరస పేర్చడం మొదలుపెట్టింది. చిన్నోడు గునుగు పూలకి రంగులు అద్దుతూ చేతులన్నీ గులాబీ రంగు చేసుకున్నాడు. పక్కింటి స్నేహితుడు వచ్చి వాడికి సాయం కూర్చున్నాడు.

ఈసారి మా బతుకమ్మ వీధిలో అన్నిటికంటే ఎత్తైనదేమీ కాదు. సాయంత్రం చెరువు కట్టకి బయల్దేరుతుంటే మా అత్తమ్మ, మోకాళ్ల నొప్పులావిడ, చెప్పులు తొడుక్కుని ముందే గేటు దగ్గర నిలబడింది.